పోగు కోసిన ఉంగరము

సిరిసిల్లలో సాంచాల మోత నడుమ పెరిగినవానికి, మెత్తని పోగు గట్టి ఇనుమును కోయగలదన్న మాట వింతగా తోచదు. మరమగ్గమునకు అచ్చట సాంచా యని పేరు. ఆ సాంచాలో అటునిటు పరుగిడు నాడె నుండి పోగు వెలువడు చోట చిన్న పింగాణీ కన్ను అమర్చియుందురు. బీమునకు పోగులెక్కించునప్పుడు వందలకొలది దారములను వరుస తప్పకుండ నడిపించు చట్రములందును ఒక్కొక్క దారమునకు ఒక్కొక్క పింగాణీ ఉంగరము కలదు. ఇంత శ్రమయేల, ఇనుప తీగను వంచి కొక్కెముగా పెట్టిన చాలదా యని అడిగినవారికి, సాంచాలు బాగుచేయు పనిలో తల నెరసిన నా మిత్రుడొకడు తన పెట్టె నుండి పాత ఇనుప కొక్కెమునొకదానిని తీసి చూపును. దాని వంపులో, కత్తితో గీసినట్లు, సన్నని లోతైన గాడి యుండును. గీసినది పాలియెస్టరు పోగు.

ఈ మిత్రునకు ఆదివారము వచ్చినదనిన మగ్గము గుర్తుండదు, మానేరు నదియే లోకము. మాన్వాడ యొద్ద కట్టిన మధ్య మానేరు జలాశయము నిండినది మొదలు, గాలపు కర్ర భుజమున వేసుకొని ఒడ్డు వెంబడి తిరుగువారి సంఖ్య పెరిగినది. అందు ఆయనయు ఒకడు. ఆయన వెంట పోవుట నాకును అలవడిన పిమ్మట, సొంతముగా ఒక కర్ర కొనదలచి జగిత్యాలలో ఒక దుకాణమునకు పోతిని. ఒకే పొడవు, ఒకే నలుపు, చేతికి ఇంచుమించు ఒకే బరువు గల రెండు కర్రలను దుకాణదారు బల్లపై పరచెను. ఒకదాని వెల పదునైదు వందలు, రెండవదానిది ఏడు వేలు. భేదమెచ్చటనని అడుగగా, "అంత రింగులల్లనే ఉన్నది సార్" అని ఒక్క మాటతో తేల్చెను. ఏడు వేల కర్రకు సిలికాన్ కార్బైడు ఉంగరములు, టైటానియము చట్రములు, మేలురకపు కార్కు బెరడు పిడి. పదునైదు వందల దానికి సామాన్యపు పింగాణీ ఉంగరములు, ఉక్కు చట్రములు, నురుగు పిడి. ఈ సంగతి మిత్రునకు చెప్పగా ఆయన, "పోగు పోయేకాడ పైస పెట్టు, చెయ్యి పట్టేకాడ ఎందుకు?" అనెను. ఈ వ్యాసమంతయు ఆ వాక్యమునకు వ్యాఖ్యానమే. ఐతే వ్యాఖ్యానము సాగినకొలది మూలమునకు ఒకటి రెండు సవరణలు అవసరమగునని ముందే మనవి చేయుచున్నాను.

మన తాతల గాలమునకు ఈ చిక్కు లేదు. వెదురు కట్టె, దాని కొనకు ముడివేసిన తంగూసు, జొన్నబెండు, సీసపు గుండు, గాలము, దానికి గుచ్చిన ఎర్ర, ఇంతే సామగ్రి. దారము కర్ర కొనకే కట్టబడియుండుటచే రాపిడి యను ప్రసక్తియే లేదు. కర్ర పొడవును దారము పొడవును కలిసి ఎంత దూరము పోవునో అంతవరకే వేట. రీలు వచ్చి, దారమును యాబది అరువది గజముల దూరము విసరుటయు, చేప లాగినప్పుడు విడుచుటయు, మరల చుట్టుకొనుటయు సాధ్యమైన పిమ్మటనే దారమునకు దారి చూపు ఉంగరములు కర్రపై వెలసినవి. అనగా, గాలపు కర్ర సాంచా వలె పోగు నడచు యంత్రమైనది. యంత్రమైన తోడనే యంత్రమునకు గల రోగములన్నియు దానికిని సంక్రమించినవి.

అందు మొదటిది అరుగుదల. మెత్తని దారము తనకు తానై ఉక్కును కోయజాలదు. అది తన వెంట మోసుకొనిపోవు రేణువులు కోయును. పాలియెస్టరు పోగునకు గాజువంటి మెరుపు తగ్గించుటకై దానిలో టైటానియము డయాక్సైడు అను తెల్లని పొడిని కలుపుదురు. ఆ పొడియే సాంచా కొక్కెమునకు ఆకురాయి. మానేటిలో పొడికి బదులు ఇసుక కలదు. తొలకరి వానలకు మూలవాగు ఎర్రని నీటిని తెచ్చి కలిపినప్పుడు అందులో ముంచి తీసిన దారమంతటను కంటికి కనబడని ఇసుక నలుసులు అంటుకొని వచ్చును. పాత చేదబావుల ఒరపు రాళ్లపై తాళ్లు కోసిన గాడులను చూడనివారు మన పల్లెలలో ఉండరు. తాడు రాతికంటె మెత్తనిదే. కాని ఆ తాటిలో చిక్కిన ఇసుక రాతితో సమానమైనది.

కాఠిన్యమును కొలుచుటకు 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు ఏర్పరచిన మెట్ల వరుస నేటికిని వాడుకలో నున్నది. మెత్తని బలపపు రాయి మొదటి మెట్టు, వజ్రము పదియవది. ఏది దేనిని గీయగలదో అది దానికి పై మెట్టున నిలుచును. ఇసుకలోని స్ఫటికము ఏడవ మెట్టుది. సామాన్యముగా ఉంగరములకు వాడు ఉక్కు దానికి క్రింద నుండును. కనుక ఇసుక ఉక్కును గీయును. పింగాణీ ఉంగరములలో మేలైనవానికి మూలద్రవ్యమగు అల్యూమినియము ఆక్సైడు, మన కెంపు నీలములు ఏ పదార్థపు రూపములో ఆ పదార్థమే, తొమ్మిదవ మెట్టుది. సిలికాన్ కార్బైడు దానికి పైన, వజ్రమునకు క్రింద. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కృత్రిమ వజ్రమును చేయబోయి విద్యుత్కొలిమిలో దీనిని పొందెను; అది కత్తులు నూరు సానరాళ్లకు ప్రసిద్ధమైన పదార్థమయ్యెను. లోకమంతటిని అరగదీయుటకు పుట్టినది, అద్దమువలె నునుపు చేసినయెడల, తన్ను తాకిన దారమును అరగనీయని ఉంగరమగుట పదార్థశాస్త్రములోని చిన్న చమత్కారము.

ఇచ్చట దుకాణదారుని వాదము సగము నిలుచును, సగము జారును. ఉత్త ఉక్కు రింగు నుండి పింగాణీ రింగునకు పోవుట నిజమైన మెట్టు. దానికి పెట్టిన రూపాయి వ్యర్థము కాదు. ఐతే తొమ్మిదవ మెట్టు నుండి ఆపై మెట్టునకు ఎక్కుటవలన మానేటి గాలగానికి దక్కునదేమి? ఇసుక రెంటిని గీయలేదు. ఏడు అడుగుల ఎత్తు వరద వచ్చు ఊరిలో ఒకడు తొమ్మిదడుగుల అరుగు కట్టెను, మరియొకడు తొమ్మిదిన్నర అడుగులది కట్టెను. మునగకుండుటలో ఇద్దరును సమానులే.

అమ్మువారికిని ఈ సంగతి తెలియును. అందుచేత వారు అరుగుదలను విడిచి వేడిమిని ముందునకు తెత్తురు: సిలికాన్ కార్బైడు వేడిని పలురెట్లు త్వరగా తనలోనికి గుంజి చట్రమునకు పంచునని, దారము కాలిపోదని. ఇది అసత్యము కాదు. నేటి అల్లిక దారములు, దుకాణముల వాడుకలో బ్రెయిడు, మిక్కిలి బలిష్ఠమైన పాలిథీన్ పోగులతో అల్లినవి. వానికి 150 డిగ్రీల పరిసరముననే కరుగు స్వభావము కలదు. నైలాను తంగూసు 200 డిగ్రీలు దాటిన పిమ్మట గాని కరగదు. కనుక ప్రశ్న ఇది: మన చేప ఎంత వేడి పుట్టించును?

దీనికి సమాధానము పశువుల కొట్టములో దొరకును. పొగరుబోతు ఎద్దు పలుపును గుంజ చుట్టు రెండు చుట్లు త్రిప్పి పట్టుకొన్నచో పదేండ్ల బాలుడును దానిని నిలుపగలడు. తాడు గుంజను ఎంత కోణము చుట్టినదో దానినిబట్టి రాపిడి గుణకారములుగా పెరుగును. గుంజ లావా సన్నమా యన్నది లెక్కకు రాదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఆయిలర్ అను గణితవేత్త ఈ సూత్రమును గణితముగా కూర్చెను. గాలపు కర్ర వంగినప్పుడు దారము ఉంగరము వెంట ఉంగరముగా కొంచెము కొంచెముగా తిరుగును. ఉంగరములు ఎనిమిదైనను పదియైనను మొత్తము తిరిగిన కోణమే ముఖ్యము. కర్ర లంబకోణముగా వంగినదనుకొందము. రాపిడి గుణకము 0.1 అయినచో బయటి దారపు బిగువు రీలు వద్ద బిగువుకంటె నూటికి పదునేడు పాళ్లు ఎక్కువగును, గుణకము 0.2 అయినచో ముప్పదియేడు పాళ్లు. రీలును సుమారు రెండు కిలోల బిగువున, అనగా 20 న్యూటన్ల వద్ద, దారము విడుచునట్లు అమర్చి, ఒక బొచ్చె సెకనుకు మూడు మీటర్ల వేగమున పరుగిడినదనుకొనుడు. నునుపైన ఉంగరములందు పుట్టు వేడి పది వాట్లు. గరుకైనవానిలో ఇరువది రెండు. ఇదియైనను ఉంగరములన్నిటికిని పంపకమగును, కొన్ని క్షణములలో ముగియును, దారము తడిసియుండును. ఇంట వెలుగు ఎల్ఈడీ దీపము గంటలతరబడి భరించు ఉష్ణమునకు భయపడి వేలు ధారపోయుట అనవసరము. సముద్రమున సూర చేపను పట్టువాని లెక్క వేరు: పది కిలోల బిగువు, సెకనుకు పది మీటర్ల పరుగు అనుకొన్నచో అవే నునుపైన ఉంగరములందు 170 వాట్లు పుట్టును, పరుగు నిమిషముల కొలది సాగును. ఆ ఉంగరములు ఆ వేటగానికై పుట్టినవి. కోరుట్ల పరిసరపు చెరువులలో తుంగ నడుమ పొంచియుండి రెండు గజములు మాత్రము గుంజులాడు కొర్రమట్టకు ఉంగరమును వేడెక్కించు తీరిక యెక్కడిది?

గుణకము 0.2 నుండి 0.1కి తగ్గుట మాత్రము చిన్న లాభము కాదని గమనింపవలెను. అది ఉంగరపు జాతినిబట్టి కంటె దాని నునుపునుబట్టి వచ్చునది. బాగుగా మెరుగుపెట్టిన చవక పింగాణీ, మెరుగు సరిగా లేని ఖరీదు కార్బైడును ఓడించును.

ఇక బరువు సంగతి. మిత్రుని సూత్రమునకు నేను చేయు మొదటి సవరణ ఇచ్చటనే. కర్రను విసరి ఆపినప్పుడు కొన కొంతసేపు అదరుచుండును. ఆ అదురు ఎంత త్వరగా సమసిన దారము అంత చక్కగా పోవును, చేప ముట్టిన సన్నని కదలిక అంత స్పష్టముగా చేతికి తెలియును. ఈ అదురుపై బరువు ప్రభావము, ఆ బరువు కర్రపై ఎచ్చటనున్నదో దానినిబట్టి యుండును. కర్ర పొడవునను ఒకే మందముగా నున్నదని భావించి లెక్కించిన, కొన వద్ద నొక గ్రాము చేయు పనిని నడిమిన చేయవలెనన్న సుమారు తొమ్మిది గ్రాములు కావలెను. పిడి నుండి నాలుగవ వంతు దూరమున చేయవలెనన్న నూరు గ్రాములకు పైగా కావలెను. నిజమైన కర్ర కొనకు సన్నగిలునది కావున ఈ భేదము ఇంకను హెచ్చును. టైటానియము సాంద్రత ఉక్కులో సగముకంటె కొంచెమెక్కువ. కనుక కొనయందలి రెండు మూడు ఉంగరములకు టైటానియము చట్రములుండుట సార్థకమే. పిడి దగ్గరి పెద్ద ఉంగరమునకు అదే లోహము వాడుట కాలి కడియము బరువు తగ్గినదని ముక్కుపుడక సంతసించుట వంటిది. టైటానియమునకు తుప్పు పట్టదందురు. నిజమే, ఉప్పునీటిలో అది గొప్ప వరము. మానేరును, ధర్మపురి గోదావరియు, కాకతీయ కాలువయు తియ్యని నీళ్లు. ఇంటికి వచ్చి పాతగుడ్డతో తుడుచు అలవాటు టైటానియము చేయు పనిని రూపాయి ఖర్చు లేకుండ చేయును.

కర్ర దేహమును గూర్చి చెప్పకున్న వ్యాసము కుంటుపడును. వెదురు ఊరక ప్రసిద్ధికెక్కలేదు: లోపల బోలు, వెలుపలి పొరలో దట్టమైన నారలు. వంగినప్పుడు బిగువు హెచ్చుగా వెలుపలి పొరపైననే పడును గనుక ప్రకృతి అచ్చటనే బలము పెట్టి నడిమిని ఖాళీగా విడిచినది. గాజునార కర్రలు రెండవ ప్రపంచ యుద్ధానంతరమున వచ్చినవి. 1960లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమున రూపొందిన బలమైన కార్బను నార 1970లలో గాలపు కర్రలకెక్కినది. రెండును వెదురు సూత్రమునే అనుకరించిన బోలు గొట్టములు. కార్బను నార బిరుసుతనమున గాజునారకు మూడు రెట్లు మిన్న, బరువున తక్కువ. ఇంతవరకు అమ్మువారు చెప్పుదురు. వారు చెప్పనిది: గాజునార తెగుటకు ముందు తన పొడవులో నూటికి నాలుగు పాళ్లకు పైగా సాగగలదు, సామాన్యపు కార్బను ఒకటిన్నర రెండు పాళ్లు, మిక్కిలి బిరుసైన ఖరీదు కార్బను ఒక పాలు పరిసరమున మాత్రమే. అనగా వెల పెరిగినకొలది ఓర్పు తగ్గును. కాలువ గట్టుపై పేర్చిన రాళ్లకు ఒకమారు తగిలి, కంటికి కనబడని గాటుపడిన ఖరీదు కర్ర, వారము తరువాత వాలుగ లాగినప్పుడు తుపాకి వలె పేలి రెండగును. రాళ్లపై కూర్చుండి వేటాడువానికి గాజునారయు కార్బనును కలిసిన నడిమిరకపు కర్రయే మేలు.

కార్బను విద్యుద్వాహకమన్నది మరియొక సంగతి. ఇది వెలకు సంబంధించినది కాకున్నను ప్రాణమునకు సంబంధించినది. కోరుట్ల, కథలాపూర్, మేడిపల్లి ప్రాంతముల మీదుగా మధ్య మానేటికి పోవు వరద కాలువ వెంబడి వ్యవసాయ మోటార్లకు విద్యుత్తీగలు పోవు చోట్లు అనేకము. ఎండిన వెదురు కట్టెతో చేసిన పొరపాటును విధి ఒక్కొక్కప్పుడు క్షమించవచ్చును, కార్బను కర్రతో చేసినదానిని క్షమింపదు. తలపై తీగ యున్నచోట కర్ర ఎత్తరాదు.

పిడిని గూర్చి, రీలును గూర్చి నాకు చెప్పదగినది స్వల్పము. కార్కు బెరడు పోర్చుగల్ మొదలగు దేశములలో ఒకే చెట్టునుండి తొమ్మిదేండ్లకొకమారు ఒలుచునది గావున వెల యెక్కువ. చేతికి హితముగానే యుండును, అంతకుమించి చేప పట్టదు. రీలులో పది బాల్ బేరింగులున్నవని పెట్టెపై అచ్చువేయుట అమ్ముకొను నేర్పు. మంచివి నాలుగున్న చాలును, చెడ్డవి పదియున్నను ఇసుక పడిన నాడు పదియు నిలిచిపోవును. రీలులో నిజముగా చూడవలసినది దారము విడుచు బిగువు కుదుపు లేకుండ, సమముగా, మొదటి జానెడులోనే కదలుట.

ఉంగరములపై ఇంత చర్చ జరిపిన పిమ్మట చెప్పవలసిన మాట యొకటి కలదు: మధ్య మానేటిలో దారములు తెగునది ఉంగరముల వద్ద కాదు. ఆ నీటి క్రింద ఊళ్లున్నవి. చింతల్‌ఠాణా, చీర్లవంచ, నీలోజిపల్లి వంటి గ్రామముల గోడలు, బావుల గట్లు, కొట్టివేసిన చెట్ల మొదళ్లు అడుగున నిలిచియున్నవి. బంగారుతీగ గాలమునకు తగిలినంతనే తలక్రిందుగా వానిలోనికి దూరును. ఒకప్పుడు ఎవరి ఇంటి అరుగో, ఎవరి కొట్టపు గుంజో, నేడు దారమును రాచి తెంపును. ఆ ఊరివాడే ఒడ్డున కూర్చుండి తెగిన దారమును చుట్టుకొనుచుండగా నేను చూచితిని. తన ఇల్లు ఎటువైపో ఆయన కర్రతో చూపెను. అట్టి చోట ఏడు వేల కర్రకంటె, చివర రెండు గజములు లావు తంగూసు ముడివేసిన పదునైదు వందల కర్ర మిన్న. తంగూసు నీరు పీల్చి కొంత బలము కోల్పోవును, ఎండకు పెళుసెక్కును, ముడి వద్ద మరింత బలహీనము. కావున ఏటేట మార్చుట, ముడి బిగించునప్పుడు తడిచేయుట, గాలపు మొనను గోటిపై గీచి జారుచున్నదా నాటుకొనుచున్నదా చూచుట, ఇవి చవకగా దొరకు శ్రేష్ఠత్వములు. మిత్రుని సూత్రము ఇచ్చట పూర్తిగా నెగ్గును: పోగు పోవు దారి కర్రతో ముగియదు, నీటి అడుగువరకు పోవును.

నా అనుభవమొకటి చెప్పి ఉంగరముల ప్రకరణము ముగించెదను. నిరుడు ఒక ఆదివారము నా పాత కర్రపై వరుసగా మూడు చేపలు దారము తెంపుకొని పోయినవి. దారమును తిట్టితిని, దానిని చేసినవానిని తిట్టితిని. మిత్రుడు కర్ర నందుకొని, తన చొక్కా జేబులోనుండి సాంచా పోగు ముక్కనొకదానిని తీసి, ఉంగరములందు ఒక్కొక్కదానిలో దూర్చి అటునిటు లాగెను. కొన ఉంగరమునందు పోగు చిట్లి నార లేచినది. పింగాణీ ఎంత కఠినమో అంత పెళుసు. మోటారుసైకిలుపై తెచ్చునప్పుడు నేనే ఎచ్చటనో తాటించి యుందును, వెంట్రుకవాసి పగులు పడినది. ఆ పగులు అంచు చాకు. ఖరీదు ఉంగరమునకును ఈ గతి తప్పదు, సిలికాన్ కార్బైడును పగులునదే. ఆయన తన వెదురు కర్రకు మాత్రము పాత సాంచా నుండి ఊడదీసిన పింగాణీ కన్నును దారముతో చుట్టి, జిగురు పూసి, కొన ఉంగరముగా బిగించుకొన్నాడు. కొన్ని కోట్ల గజముల పోగు నడచియు గాడి పడని వస్తువుపై తంగూసు ఏమి చేయగలదని ఆయన ధీమా.

ఈ నెల మొదట ఇద్దరమును కలిసి జగిత్యాల దుకాణమునకు పోతిమి. ఆయన వెలలడుగలేదు. జేబులోనుండి పోగు తీసి ఏడు వేల కర్రకు దూర్చి లాగుచు పోయెను. దుకాణదారు మొదట నవ్వి, పిదప వంగి చూడసాగెను. ఆరవ ఉంగరము వద్ద పోగు చిట్లినది. మాటాడక దానిని బల్లపై పెట్టి, పదునైదు వందల దానిని తీసికొని మరల మొదటినుండి దూర్చెను. ఎనిమిదింటను పోగు నెయ్యి మీద జారినట్లు జారినది. కర్రను నా చేతికిచ్చి, దుకాణదారుని వైపు తిరిగి, "ఇగ గాలాలు చూపియ్యి, మంచియి" అనెను.